నిదానమే ప్రధానం

తెలుగులో ‘నిదానం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. వాడుకలో అది తొందరపాటు లేకపోవడం. వైద్యశాస్త్రంలో అది రోగానికి మూలకారణాన్ని నిర్ణయించడం. ‘మాధవనిదానం’ అనే ప్రసిద్ధ గ్రంథం మందులను గురించి గాక రోగనిర్ణయాన్ని గురించి వ్రాయబడినదని ఆయుర్వేదంతో పరిచయమున్న వారికి తెలిసిన విషయమే. ఉర్దూలో ఈ పనినే ‘తష్‌ఖీస్’ అంటారు. మనిషి అనే అర్థంలో మనం వాడే ‘షఖ్స్’ అనే మాటకూ దీనికీ ధాతువు ఒక్కటే. గుంపులోనుండి ఒకదానిని వేరుచేసి ‘ఇదీ’ అని గుర్తుపట్టడమే తష్‌ఖీస్. రెండు భాషలకు నీడనిచ్చే మన కళాశాల సంచికలో ఈ రెండు మాటలనూ పక్కపక్కన నిలిపి, వాటిని నేటి గృహాలలో నిత్యం ఎదురయ్యే ఒక చిక్కుకు అన్వయించడం అనుచితం కాదని తలుస్తాను. ఆ చిక్కు మరేమీ కాదు: మీట నొక్కినా మేల్కొనని ఇంటి కంప్యూటరు.

నేడు మన విద్యార్థుల ఇండ్లలో కంప్యూటరు అలంకార వస్తువు కాదు. చాలా ఇండ్లలో అది ఒక్కటే ఉంటుంది. అన్నగారి ఉద్యోగపు దరఖాస్తు, చెల్లెలి ఉపకారవేతనపు పత్రాలు, తండ్రిగారి దుకాణపు లెక్కలు, పెండ్లి ఛాయాచిత్రాలు – అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. అట్టి యంత్రం ఒకనాటి ఉదయం కదలక మొరాయిస్తే ఇంటిల్లిపాదికీ కాలూ చేయీ ఆడదు. ఆ క్షణంలో మనం చేసే పనులు రెండే. ఒకటి, భారమంతా దైవం మీద వేసి అదే మీటను పదిసార్లు నొక్కడం. రెండు, యంత్రాన్ని సంచిలో పెట్టుకొని బజారుకు పరుగెత్తడం. అక్కడ ఐదు నిమిషాలలో తీర్పు వెలువడుతుంది. ‘మదర్‌బోర్డు పోయింది’ అన్నది ఒక తీర్పు. ‘ఫార్మాట్ కొట్టాలి’ అన్నది మరొకటి. మొదటిది మన జేబును ఖాళీ చేస్తుంది. రెండవది మన జ్ఞాపకాలను ఖాళీ చేస్తుంది. విచారణ మాత్రం రెండింటిలోనూ ఉండదు.

ఈ పరిస్థితి మారాలని, మార్చడం మన చేతిలోనే ఉన్నదని నా అభిప్రాయం. కదలని కంప్యూటరుకు కారణం వెతకడం ఇంజనీర్లకు మాత్రమే దక్కిన రహస్యవిద్య కాదు. ఒక హద్దు వరకు అది తర్కం తెలిసిన ప్రతి విద్యావంతుడూ, విద్యావతీ చేయగల పని. ఆ హద్దు దాటిన తరువాత సైతం నిపుణునితో మాట్లాడే తీరు మనకు తెలిసి ఉండాలి.

తెలుగు బోధించే వానికి యంత్రాలతో ఏమి పని అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. వారికి నా సమాధానం ఇది. నిదానం మొదలయ్యేది పనిముట్టుతో కాదు, వాక్యంతో. ‘కంప్యూటరు పనిచేయడం లేదు’ అన్నది వ్యాకరణరీత్యా నిర్దుష్టమైన వాక్యమే గాని, అందులో సమాచారం శూన్యం. ‘ఒంట్లో బాగాలేదు’ అని మాత్రమే చెప్పి ఊరుకొనే రోగికి ఏ వైద్యుడు మందివ్వగలడు? అదే మనిషి ‘మీట నొక్కగానే ఫ్యాను తిరుగుతున్నది, దీపం వెలుగుతున్నది, తెర మాత్రం నల్లగానే ఉన్నది, నిన్న రాత్రి ఉరుములు మెరుపుల నడుమ కరెంటు పోయివచ్చిన తరువాత ఇట్లా అయినది’ అని చెప్పాడనుకోండి. సగం వైద్యం ఆ వాక్యంలోనే జరిగిపోయింది. ఏది, ఎప్పటినుండి, ఏ క్రమంలో, దేని తరువాత అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన వాక్యం వ్రాయడం నేర్పవలసినది భాషోపాధ్యాయులే గదా.

పదవ శతాబ్ది తొలి భాగం వరకు జీవించిన వైద్యుడు అల్ రాజీ మశూచికి, తట్టుకు మధ్య భేదాన్ని వివరిస్తూ ఒక గ్రంథం రచించాడు. రెండింటిలోనూ జ్వరం వస్తుంది, రెండింటిలోనూ ఒంటిమీద పొక్కులో దద్దురులో లేస్తాయి. చూసేవారికి రెండూ ఒక్కటే. నడుము నొప్పి మశూచిలో అధికమని, వికారమూ ఆందోళనా తట్టులో అధికమని ఆయన వేరుచేసి చూపాడు. ఒకే విధంగా కనిపించే రెండు బాధలను చిన్న చిన్న గుర్తులతో విడదీయడంలోనే ఆయన కీర్తి ఉన్నది. మన కంప్యూటరు విషయంలోనూ చేయవలసినది అదే. ‘మేల్కొనడం లేదు’ అన్న ఒక్క మాట క్రింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి.

ఆ నాలుగింటినీ తెలుసుకోవాలంటే మీట నొక్కిన తరువాత లోపల ఏమి జరుగుతుందో స్థూలంగానైనా ఎరిగి ఉండాలి. యంత్రం నాలుగు గడపలు దాటి మన ముందుకు వస్తుంది. మొదటి గడప విద్యుత్తు. నేటి కంప్యూటరులో మీట నేరుగా కరెంటును వదలదు. అది మదర్‌బోర్డుకు కబురు పంపుతుంది. మదర్‌బోర్డు పవర్ సప్లై పెట్టెను లేపుతుంది. ఆ పెట్టె మన గోడలోని 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, అవి నిలకడగా ఉన్నాయని తేలిన తరువాతనే ‘ఇక కానీయండి’ అన్న సంకేతం ఇస్తుంది. రెండవ గడప ఆత్మపరీక్ష. ప్రాసెసరు కళ్ళు తెరచి, మదర్‌బోర్డు మీది ఒక చిప్పులో భద్రపరచిన ఆదేశాలను చదివి, తన జ్ఞాపకశక్తి అయిన ర్యామ్, తెరకు బొమ్మ పంపే భాగం మొదలైనవి సక్రమంగా ఉన్నాయో లేవో చూసుకుంటుంది. 1981లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసిన నాటినుండి ఈ ఏర్పాటు ఉన్నది. అప్పట్లో ఆ ఆదేశాల సముదాయాన్ని బయాస్ అన్నారు. నేటి యంత్రాలలో దాని స్థానాన్ని యూఈఎఫ్ఐ అనే కొత్త ఏర్పాటు ఆక్రమించినా జనం నోట బయాస్ అన్న పేరే నిలిచింది. మూడవ గడప అన్వేషణ: ఆపరేటింగ్ సిస్టం ఏ డిస్కులో ఉన్నదో వెతకడం. నాలుగవ గడప ఆ సిస్టం తానే లేచి మన ముందు నిలబడడం.

ఈ క్రమం తెలిసినవానికి యంత్రం ఏ గడప వద్ద ఆగిపోయిందో కనిపెట్టడం కష్టం కాదు. దీపం లేదు, ఫ్యాను లేదు, చప్పుడు లేదు అంటే మొదటి గడప. ఫ్యాను తిరుగుతూ తెర చీకటిగా ఉంటే, లేదా యంత్రం ‘బీప్’ అని కూత పెట్టి ఆగితే రెండవ గడప. తయారుచేసిన కంపెనీ పేరు తెరమీద కనిపించి, ఆ తరువాత డిస్కు దొరకలేదన్న సందేశం వస్తే మూడవ గడప. విండోస్ గుర్తు వచ్చి, చుక్కలు గుండ్రంగా తిరిగి, నీలితెర పడితే, లేదా యంత్రం మళ్ళీ మొదటికి వస్తే నాలుగవ గడప. ఒక్కొక్క గడపకు అనుమానితులు వేరు. నాలుగవ గడప దాకా నడచివచ్చిన యంత్రాన్ని చూసి ‘పవర్ సప్లై చచ్చిపోయింది’ అనడం, నడివీధిలో నిలబడి మాట్లాడుతున్న వాని మరణవార్తను చాటడం వంటిది.

మొదటి గడప వద్ద ఆగినప్పుడు చేయవలసినవి హాస్యాస్పదంగా తోచేంత చిన్న పనులు. అదే ప్లగ్గులో టేబుల్ దీపం పెట్టి చూడాలి. ఎక్స్‌టెన్షన్ పెట్టెను తప్పించి నేరుగా గోడకు పెట్టాలి. పెట్టె వెనుక ఉండే చిన్న స్విచ్చు ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరి చేయి తగిలి ఆగిందో చూడాలి. తీగ చివర గట్టిగా నొక్కి చూడాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జరు దీపం వెలుగుతున్నదా అన్నది మొదటి ప్రశ్న. చార్జరు తీసివేసి, బ్యాటరీ ఊడదీయగలిగినదైతే దానిని కూడా తీసి, మీటను అర నిమిషం నొక్కి పట్టుకొని, తిరిగి చార్జరు మాత్రమే పెట్టి చూడడం మరొక పరీక్ష. ఇవి చేయకుండా బజారుకు పోవడమంటే తలుపు గడియ తీయకుండానే ఇల్లు కూలిందని ఏడ్వడం.

రెండవ గడప వద్ద ప్రధాన అనుమానితుడు ర్యామ్. మన ప్రాంతపు వేసవి, దుమ్ము, సముద్రతీర జిల్లాలలోని ఉప్పుగాలి – ఇవి దాని పసిడిరంగు అంచుల మీద పొరలా పేరుకుంటాయి. యంత్రాన్ని ఒకచోటినుండి మరొకచోటికి జరిపినప్పుడు అది తన గాడిలో సడలవచ్చు. తీగను గోడనుండి పూర్తిగా తీసివేసి, ఒక లోహపు వస్తువును తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును వదిలించుకొని, ర్యామ్ పలకను బయటికి తీసి, అంచులను మెత్తగా తుడిచి, తిరిగి ‘టక్’ మని కూర్చునేలా పెట్టడం పది నిమిషాల పని. ఇక కూతల సంగతి. ఒక పొట్టి కూత చాలా యంత్రాలలో క్షేమసమాచారం. ఆగక వచ్చే పొడుగు కూతలు తరచుగా ర్యామ్ సంబంధమైనవి. కాని ఈ కూతల భాష కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని చిత్తుకాగితాలవానికి అమ్మకుండా దాచుకోవాలి. ల్యాప్‌టాప్ తెర చీకటిగా ఉన్నప్పుడు దానిమీద టార్చి వేసి ఏటవాలుగా చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే కంప్యూటరు మేల్కొనే ఉన్నది. ఆరిపోయినది తెర వెనుకనున్న వెలుగు మాత్రమే.

మూడవ గడప వద్ద నాకు అత్యంత ప్రీతికరమైన సాక్షి ఒకటున్నది. అది యంత్రపు గడియారం. మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఉంటుంది; చాలా యంత్రాలలో అది సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ళ. అది నీరసించినప్పుడు కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనుకటి సంవత్సరాలకు పోతుంది. ఏ డిస్కునుండి లేవాలన్న అమరిక కూడా కొన్ని యంత్రాలలో చెరిగిపోతుంది. తెరమీద తేదీ తప్పుగా ఉండడం, డిస్కు దొరకకపోవడం – ఈ రెండూ కలసి కనిపించినప్పుడు గడియారాల దుకాణంలో కూడా దొరికే ఆ చిన్న బిళ్ళను మార్చి, అమరికను సరిచేయకుండా కొత్త డిస్కు కొనడం దండుగ. అట్లే యంత్రానికి తగిలించి మరచిపోయిన పెన్‌డ్రైవ్ కూడా అన్వేషణను పక్కదారి పట్టించవచ్చు. దానిని తీసి చూడడానికి ఖర్చేమీ లేదు.

ఇప్పుడు పద్ధతిని గురించి ఒక మాట. మన తర్కశాస్త్రంలో అన్వయవ్యతిరేకాలని రెండున్నాయి. ఇది ఉంటే అది ఉన్నది. ఇది లేకపోతే అది లేదు. ఈ రెండూ కుదిరినప్పుడే ఇది దానికి కారణమని చెప్పే అధికారం మనకు వస్తుంది. కంప్యూటరు నిదానానికి ఇంతకంటే గొప్ప సూత్రం లేదు. అనుమానించిన ర్యామ్‌ను తీసి మంచిదని తెలిసిన మరొకటి పెట్టినప్పుడు యంత్రం లేచి, పాతది తిరిగి పెట్టినప్పుడు మళ్ళీ పడిపోతే దోషం రుజువైనట్లు. రెండవ పరీక్ష చేయకపోతే రుజువు సగమే. ఎందుకంటే సడలిన పలకను మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టడం వలననే యంత్రం లేచి ఉండవచ్చు. ఈ పద్ధతికి ప్రాణం ఒక్క నియమం: ఒకసారి ఒకే మార్పు. ర్యామ్, తీగ, బ్యాటరీ మూడింటినీ ఒక్కసారే మార్చి ‘బాగైంది’ అన్నవాడు అదృష్టవంతుడే గాని నిదానజ్ఞుడు కాడు. దానికి తోడు ఒక నోటుపుస్తకం ఉండాలి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు వారి మార్క్ 2 కంప్యూటరులో ఒక రిలే మధ్య చిక్కిన రెక్కల పురుగును బయటికి తీసినవారు దానిని పారవేయలేదు. దినచర్య పుస్తకంలో అంటించి, ప్రక్కన వివరం వ్రాశారు. ఆ పుట నేటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వారి వద్ద భద్రంగా ఉన్నది. పురుగు దొరకడం కంటే అది దొరికినట్లు వ్రాసిపెట్టుకోవడమే నాకు గొప్పగా తోస్తుంది.

నేనెరిగిన ఒక ఇంట పండుగకు ముందు గోడలకు రంగులు వేయించారు. ఆ మరునాటినుండి కంప్యూటరు లేవలేదు. ఒక దుకాణంలో ‘మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనడమే నయం’ అని వేలరూపాయల మాట చెప్పారు. ఆ ఇంటి అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. ఆమె ప్రాజెక్టు నివేదిక ఆ యంత్రంలోనే ఉన్నది. ఆమె కాగితం మీద మూడు వాక్యాలు వ్రాసింది: రంగుల పనికి యంత్రాన్ని వసారాలోకి జరిపారు, జరిపే ముందు అది బాగానే ఉన్నది, ఇప్పుడు ఫ్యాను తిరుగుతున్నది గాని తెర లేదు. ఆ మూడు వాక్యాలే ఆమెకు దారి చూపాయి. కుదుపులకు ర్యామ్ సడలి ఉన్నది. దానిని సరిగా కూర్చోబెట్టగానే యంత్రం లేచింది. ఆమె చదువుతున్నది చరిత్ర. యంత్రం గతాన్ని అడిగి తెలుసుకోవడం ఆమెకు అందుకే సులువైనదేమో.

నాలుగవ గడప వద్ద ఆగిన యంత్రంలో తరచుగా ఏ వస్తువూ చెడి ఉండదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక దోషభరితమైన అప్‌డేట్ వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాలలో చేతివ్రాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చిన దృశ్యాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆ లక్షల యంత్రాలలో ఈ కారణంగా ఒక్క తీగ తెగలేదు, ఒక్క చిప్పు కాలలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ దోషపు ఫైలును తొలగించడమే చికిత్స అయినది. అది పెద్ద సంస్థలు వాడే సాధనం కావడం వలన ఇంటి కంప్యూటర్లకు ఆ బాధ దాదాపు తగలలేదు. పాఠం మాత్రం ఇంటికీ వర్తిస్తుంది. యంత్రం కూలిపోయే ముందు చివరిగా వచ్చిన మార్పు ఏమిటన్నదే మొదటి ప్రశ్న కావాలి. లైనక్స్ ఉన్న ఒక పెన్‌డ్రైవ్‌నుండి యంత్రాన్ని లేపి చూడడం ఇక్కడ గొప్ప పరీక్ష. దానితో లేచి నిలకడగా పనిచేస్తే ప్రాసెసరు, ర్యామ్, మదర్‌బోర్డు చాలావరకు నిర్దోషులు. దోషం డిస్కులోనో, అందులోని సిస్టంలోనో ఉన్నది. పైగా ఆ లైనక్స్ నుండే మన ఫైళ్ళను మరొక డిస్కులోకి దించుకొనే వీలు కూడా తరచుగా కలుగుతుంది.

ఇక్కడే నా అసలు ఆవేదన ఉన్నది. యంత్రం వేరు, అందులోని సంపద వేరు. యంత్రం మళ్ళీ కొనవచ్చు, సంపద కొనలేము. ‘ఫార్మాట్’ అన్నది ఎలుకల బాధకు ఇంటికి నిప్పుపెట్టడం వంటి చికిత్స. ఎలుకలు పోతాయి నిజమే. మన ఇండ్లలోని పాత కంప్యూటర్లలో ఏమున్నదో ఒకసారి ఆలోచించండి. ఇన్‌పేజ్‌లో కూర్చిన తాతగారి గజళ్ళు, ముషాయిరాల ఆహ్వానాలు. అను అక్షరాలలో కూర్చిన తెలుగు కవితలు, సంఘాల కరపత్రాలు, అచ్చుకాని నవలలు. వీటికి మరొక ప్రతి తరచుగా ఉండదు. ఏ గ్రంథాలయమూ వీటిని సేకరించలేదు. ఒక్క డిస్కు తుడిచివేయబడితే ఒక ఇంటి సాహిత్యం పోయినట్లే. మరొక ప్రమాదం కూడా ఉన్నది. ఆ ఫైళ్ళను కాపాడి కొత్త యంత్రంలో తెరిచినప్పుడు పిచ్చి అక్షరాలు కనిపిస్తే ‘చెడిపోయాయి’ అని తీసివేసేవారిని చూశాను. అవి చెడలేదు. ఆ నాటి ఫాంటుగాని, సాఫ్ట్‌వేరుగాని కొత్త యంత్రంలో లేదు, అంతే. ఇది కూడా తప్పుడు నిదానమే.

కాబట్టి నియమం ఇట్లా ఉండాలి: మొదట ప్రతి, తరువాతనే చికిత్స. తిరిగే డిస్కునుండి ‘టిక్ టిక్’ మని చప్పుడు వస్తుంటే మళ్ళీ మళ్ళీ మీట నొక్కరాదు; ప్రతి ప్రయత్నం దానికి మరింత గాయం. ముఖ్యమైన సమాచారముంటే ఆపివేసి, సమాచారం వెలికితీసే నిపుణునికి అప్పగించాలి. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉంటే దాని 48 అంకెల తాళపుచెవిని యంత్రం బాగున్నప్పుడే కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టుకోవాలి. రోగం వచ్చిన తరువాత వెతికితే అది ఆ యంత్రంలోనే బందీయై ఉండవచ్చు.

హద్దు తెలుసుకోవడం కూడా నిదానంలో భాగమే. పవర్ సప్లై పెట్టె మూతను ఇంటివారు ఎన్నడూ విప్పరాదు. తీగ తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జరు పెట్టరాదు, గుచ్చరాదు, నొక్కరాదు. కాలిన వాసన వచ్చినచోట పరీక్ష ముగిసినట్లే. ఎర్తింగు సరిగా లేని ఇంటిలో కంప్యూటరు కంటే ముందు గోడకు వైద్యం చేయించాలి. ‘ఇది నా వల్ల కాదు’ అని సకాలంలో చెప్పగలగడం అజ్ఞానం కాదు.

‘మెకానిక్కుల పొట్టకొట్టమంటారా?’ అని ఒక ఆక్షేపణ రావచ్చు. ఎంతమాత్రం కాదు. మరమ్మతు చేసేవారిలో నేను గౌరవించే చేతులు ఎన్నో ఉన్నాయి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు మొదలుకొని మన చిన్న పట్టణాల సందులలోని బల్లల వరకు, బడి చదువు సరిగా లేకున్నా చెవితో విని, వేలితో తాకి దోషం చెప్పగల యువకులున్నారు. తప్పు వారిది కాదు, చాలావరకు మనది. వస్తువు మార్చితే డబ్బిస్తాము. గంటసేపు ఆలోచించి, ఏదీ మార్చకుండా బాగుచేస్తే ‘ఏం చేశావని ఇవ్వాలి?’ అంటాము. ఆలోచనకు వెల కట్టని సమాజంలో తొందర తీర్పులే దొరుకుతాయి. వైద్యుడు మందు వ్రాయకపోయినా ఫీజు ఇస్తున్నాము గదా. నిదానానికి న్యాయమైన రుసుము చెల్లించండి. బదులుగా మూడు అడగండి: ఏ పరీక్షతో ఈ దోషం తేలింది? తీసివేసిన పాత భాగం నాకిస్తారా? డిస్కును తుడిచే ముందు నా అనుమతి అడుగుతారా? మంచి పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు.

మరొక ఆక్షేపణ: ‘నేటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింట ర్యామ్ సైతం అతికివేయబడి వస్తున్నది, విప్పి చూడడానికి ఏముంది?’ నిజమే. అందువలననే మరమ్మతు హక్కు అన్న మాట నేడు వినవస్తున్నది. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో దీనికై ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరం డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. కాని విప్పి చూసే అలవాటే లేని జనానికి విప్పే హక్కు ఎందుకు? హక్కును ఎవరైనా ఇవ్వవచ్చు. అలవాటు మనమే చేసుకోవాలి. 2022లో ప్రపంచం పారవేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులని, వాటిలో సక్రమంగా సేకరించి తిరిగి వినియోగానికి తెచ్చినట్లు నమోదైనది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన నివేదిక చెబుతున్నది. ఆ గుట్టలో, కారణం వెతకకుండా విసిరివేసిన యంత్రాలు కూడా ఉండి తీరుతాయి.

కావున కళాశాల అధికారులకూ, విద్యార్థి మిత్రులకూ కొన్ని సూచనలు మనవి చేస్తున్నాను. మన ప్రయోగశాలలో మూలపడిన యంత్రాలను అమ్మివేయక ఒక బల్లమీద ఉంచి, నెలకొక పూట ‘నిదాన దినం’ జరపాలి. ఆచార్యులొకరు ముందుగా ఒక దోషం కల్పించి ఉంచితే, విద్యార్థులు జట్లుగా కారణం కనిపెట్టి, ఏ పరీక్షతో ఏ నిర్ణయానికి వచ్చారో తెలుగులోనో ఉర్దూలోనో ఒక పుట వ్రాయాలి. సైన్సు విద్యార్థులతోపాటు బి.ఏ. వారికీ ఇందులో చోటుండాలి. ముఖ్యంగా ఆడపిల్లల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వాలి. ‘నీవు ముట్టుకోకు, చెడిపోతుంది’ అన్న మాట మన ఇండ్లలో వారు విన్నంతగా మగపిల్లలు వినరు. దుకాణదారుడు ఇంగ్లీషు మాట ఒకటి విసరగానే తలదించుకొని డబ్బు లెక్కపెట్టే స్థితి మన పట్టభద్రులకు తగదు. ఆ మాటకు అర్థమేమిటి, రుజువేమిటి అని తన భాషలో అడగగలగడమే చదువు.

కదలని యంత్రం ముందు నేర్చుకొన్న ఈ క్రమశిక్షణ అక్కడితో ఆగిపోదు. లక్షణాన్ని కారణంగా పొరబడని వాడు, రుజువు లేని తీర్పును ఒప్పుకోని వాడు, ఒకసారి ఒకే మార్పు చేసి ఫలితం కోసం ఓపికతో వేచి చూసేవాడు మంచి పౌరుడు కూడా కాగలడు. ఈ సంచిక చదువుతున్న విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. రేపు మీ ఇంటి కంప్యూటరు మొరాయించినప్పుడు మీటను రెండవసారి నొక్కే ముందు ఒక కాగితం, కలం తెచ్చుకోండి. ఏమి కనిపించిందో, ఏమి వినిపించిందో, దానికి ముందు ఏమి జరిగిందో మూడు వాక్యాలు వ్రాయండి. ఆ తరువాతనే చేయి చాచండి.